అమ్మ పెళ్ళి జాకెట్టు మీకు పట్టేలా చేసుకోవడం ఎలా

"అమ్మ పెళ్ళి చీర కట్టుకుందామనుకున్నాను. చీర బంగారంలా ఉంది. జాకెట్టే పట్టట్లేదు. ఏం చేయాలి?"

శ్రావణమాసం వచ్చినా, పెళ్ళిళ్ళ సీజను మొదలైనా నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను. చేత్తో కుట్టడం వచ్చి, మిషను మీద నేరుగా ఒక కుట్టు వేయగలిగితే చాలు, ఇది మీరే చేసుకోవచ్చు. టైలరుకి ఇచ్చేవాళ్ళు కూడా ఒకసారి చదవండి. ఏం అడగాలో, ఏది చేయనివ్వకూడదో తెలుస్తుంది.

మొదటే ఒక మాట. చిన్నదైన జాకెట్టు అనగానే అందరూ ఛాతీ దగ్గర బిగుతు గురించే ఆలోచిస్తారు. నేను చూసినవాటిలో ఎక్కువ జాకెట్లు చిరిగింది చంక దగ్గర. ఛాతీకి వదులు చేసి చంకను అలాగే వదిలేస్తే హుక్కులు పడతాయి కానీ చెయ్యి ఎత్తగానే పట్టు పుటుక్కుమంటుంది. అందుకే నేను చెప్పే పద్ధతిలో నడుము నుంచి చంక మీదుగా చేతి అంచు దాకా ఒకే ముక్క వేస్తాం.

కావలసినవి

టేపు, గుడ్డ మీద గీతలు పెట్టే టైలర్ చాక్‌పీసు, గుండుసూదులు (సన్నవి, తుప్పు లేనివి), కుట్లు విప్పే రిప్పరు, చిన్న పదునైన కత్తెర. మిషనుకి కొత్త సూది, 11 నంబరుది. ఇంట్లో మిషనుకి మామూలుగా ఉండే 14, 16 నంబరు సూదులు పాత పట్టులో పెద్ద రంధ్రాలు చేస్తాయి. జాకెట్టు రంగులో సన్నటి కాటన్ దారం, కచ్చా కుట్టుకి (తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టు) వేరే రంగు దారం. అర మీటరు తెల్లటి మల్ గుడ్డ, అంటే పలచటి మెత్తటి నూలు గుడ్డ. దాన్ని ముందురోజే నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఉంచండి. లేకపోతే తర్వాత ముడుచుకుని పైపట్టును లాగేస్తుంది.

బలంగా ఉంటుందని పాలిస్టర్ దారం వాడకండి. పాత పట్టు కంటే అది గట్టిది. లాగుడు పడినప్పుడు దారం తెగదు, పట్టు తెగుతుంది. తెగిన దారం మళ్ళీ కుట్టుకోవచ్చు, చిరిగిన పట్టును ఏమీ చేయలేం.

1. గుడ్డలో ఇంకా బలం ఉందా?

ఈ పరీక్ష చేయకుండా కత్తెర ముట్టుకోకండి. జాకెట్టును కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మడతల వెంట సన్నటి గీతల్లాగా వెలుతురు కనబడితే అక్కడ దారాలు విరిగాయన్నమాట. ఏళ్ళ తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న పట్టుకి ఇది మామూలే.

తర్వాత చంక కింద చూడండి. చెమట పట్టి రంగు మారినచోట గుడ్డను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగండి. దారాలు పక్కకి జరిగినా, చిటపటమన్న శబ్దం వచ్చినా ఆ భాగం బరువు మోయలేదు. చంక ఒక్కటే పాడైతే పరవాలేదు, అక్కడే ముక్క వేస్తాం కాబట్టి. ముందు భాగం, వీపు కూడా అలాగే ఉంటే ఈ పని మానేసి, కింద "ఇక పట్టదు అనుకుంటే" అన్న భాగానికి వెళ్ళండి.

గద్వాల్ చీర జాకెట్టు మీద ఆశ వదులుకోకండి. గద్వాల్ చీరకి బోర్డరూ కొంగూ పట్టువి, మధ్య భాగం చాలావరకు నూలుది. జాకెట్టు ఆ నూలు గుడ్డతో కుట్టిందైతే పట్టు కంటే బాగా తట్టుకుంటుంది.

2. కొలతలు

ఆ రోజు లోపల ఏది వేసుకుంటారో అదే వేసుకుని కొలవండి. పొట్ట బిగబట్టకండి. కావలసినవి: ఛాతీ చుట్టుకొలత, జాకెట్టు అంచు వచ్చేచోట చుట్టుకొలత, చంక చుట్టు, చేతి లూజు. చేతి లూజు కొలిచేటప్పుడు మోచెయ్యి ఒకసారి మడిచి చూడండి, కండ దగ్గర అంగుళం దాకా పెరగవచ్చు.

ఇప్పుడు జాకెట్టు కొలవండి. హుక్కులు పెట్టి, ముందు భాగం ఒక చంక కుట్టు నుంచి ఇంకో చంక కుట్టు దాకా, వెనక భాగం విడిగా. రెండూ కూడండి. ఒక పక్కే కొలిచి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది, డాట్ల (ఒంటి ఆకారం కోసం వేసే మడత కుట్లు) వల్ల ముందు భాగం చదునుగా పరుచుకోదు.

3. లెక్క

మా అమ్మ జాకెట్టు లెక్కే చెబుతాను. 1979లో కుట్టించిన ధర్మవరం పట్టు జాకెట్టు, మోచేతుల దాకా చేతులు. జాకెట్టు ఛాతీ 33 అంగుళాలు. నా ఛాతీ 37. కదలడానికి కనీసం ఒక అంగుళం వదులు ఉండాలి కాబట్టి నాకు కావలసింది 38. తక్కువైంది 5 అంగుళాలు.

జాకెట్టు తిరగేసి సైడు కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో చూశాను. ఒక్కో పొరకి ఒక అంగుళం. పాత టైలర్ల దగ్గర ఈ మంచి అలవాటు ఉండేది. "పెళ్ళయ్యాక పిల్ల ఒళ్ళు చేస్తుంది, కాస్త గుడ్డ వదిలిపెట్టు బాబూ" అని అమ్మమ్మలు దగ్గరుండి చెప్పేవారు. ఆ అంగుళంలో కొత్త కుట్టుకి అర అంగుళం ఉంచుకోవాలి. మిగిలిన అర అంగుళం మనది. రెండు పక్కలు, ఒక్కో పక్క రెండు పొరలు, అంటే నాలుగు అరలు: 2 అంగుళాలు.

5లో 2 పోతే ఇంకా 3 కావాలి. అంటే ఒక్కో పక్క అంగుళంన్నర వెడల్పు ముక్క. కుట్టుకి రెండువైపులా అర అంగుళం కలిపితే 2.5 అంగుళాల వెడల్పుతో కోయాలి.

మీ లెక్కలో తేడా 2 అంగుళాల లోపు వస్తే ముక్క అవసరం ఉండకపోవచ్చు, లోపలి కుట్టు విప్పితే సరిపోతుంది. 5, 6 అంగుళాల దాకా ముక్కతో సర్దవచ్చు. అంతకు మించితే భుజం, మెడ కూడా మీకు చిన్నవై ఉంటాయి. పక్కల నుంచి ఎంత వెడల్పు చేసినా జాకెట్టు కూర్చోదు.

4. కుట్లు విప్పడం

పగటి వెలుతురులో, తొందర లేని రోజున మొదలుపెట్టండి. చాలా జాకెట్లకి సైడు కుట్టు నడుము అంచు నుంచి చంక దాకా, అక్కడి నుంచి చేతి అంచు దాకా ఒకే గీతగా ఉంటుంది. ఆ మొత్తం విప్పాలి. చేతిని భుజానికి కలిపే గుండ్రటి కుట్టును మాత్రం ముట్టుకోకండి (బుట్ట చేతులను సాదాగా మార్చేటప్పుడు తప్ప).

రిప్పరుతో గుడ్డను లాగి కోసుకుంటూ పోవద్దు. ఒకవైపు ప్రతి మూడు నాలుగు కుట్లకి ఒకటి తెంపండి. తర్వాత రెండోవైపు దారం పట్టుకుని మెల్లగా లాగితే దానంతటదే వచ్చేస్తుంది. లోపల రెండు మూడు వరసల కుట్లు ఉంటే అన్నిటికంటే లోపలి వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పండి.

విప్పాక పాత కుట్టు గీత కనబడుతుంది. దాని లోపలివైపు రంగు ముదురుగా, బయటివైపు వెలిసి ఉంటుంది. కంగారు పడకండి. చెయ్యి కిందికి దించితే ఆ భాగం కనబడదు. సూది రంధ్రాలను వేలి గోటితో అడ్డంగా, నిలువుగా మెత్తగా రుద్దితే కొంత మూసుకుంటాయి. పూర్తిగా పోవు.

5. ముక్క గుడ్డ ఎక్కడి నుంచి?

అన్నిటికంటే మంచిది అదే చీర. కొంగు కాదు, కట్టుకునేటప్పుడు మొట్టమొదట లోపలికి దోపుకునే చివర. అక్కడ 6 అంగుళాలు తీసినా బయటికి తెలియదు. నా లెక్కకి 15 అంగుళాల పొడవు, 2.5 వెడల్పు ఉన్న రెండు ముక్కలు సరిపోయాయి. నడుము నుంచి చంకకి 7, చంక నుంచి చేతి అంచుకి 7, మడతకి ఒకటి. కోసిన చీర చివరను వెంటనే మడిచి కుట్టేయండి, దారాలు ఊడకుండా. అమ్మని అడగకుండా మాత్రం చీర మీద కత్తెర పెట్టకండి.

బుట్ట చేతుల జాకెట్టైతే చీర నుంచి అంత గుడ్డ తీయక్కర్లేదు. బుట్ట కుచ్చులు విప్పి చేతిని సాదాగా చేస్తే ఒక్కో చేతిలో చేతి ముక్కకి సరిపోను చాలా గుడ్డ మిగులుతుంది. కానీ బుట్ట చేతులే ఆ జాకెట్టుకి అందం అనిపిస్తే వాటిని ఉంచేయండి. నేనైతే ఉంచుతాను.

రెండూ కుదరకపోతే చీర తీసుకుని మ్యాచింగ్ సెంటరుకి వెళ్ళండి. ట్యూబులైటు కింద కాకుండా గుడ్డను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడండి. పాత మెరూన్‌కి కొత్త మెరూన్ ఎప్పుడూ కలవదు. దాదాపు కలిసే రంగు కంటే బోర్డరు రంగులో ముక్క వేయడం నయం. కావాలని వేసినట్టు ఉంటుంది. విదేశాల్లో ఉండి చీర ఇంటి దగ్గరే ఉంటే, జాకెట్టు పంపేటప్పుడే ఆ 6 అంగుళాల ముక్క కూడా కోసి పంపమని అమ్మకి చెప్పండి.

ఇంకొక జాగ్రత్త. ఒకవైపు నుంచి ఒక రంగు, ఇంకోవైపు నుంచి ఇంకో రంగు కొట్టే పట్టైతే ముక్కను జాకెట్టు పక్కన పెట్టి, తిప్పి తిప్పి చూసి, రంగు కలిసే దిశలోనే కోయండి.

6. ముక్క కోయడం, అతకడం

ముందు పాత న్యూస్‌పేపర్ మీద కోసి చూసుకోండి. ఆకారం పొడవాటి వడ్లగింజలా ఉంటుంది: చంక దగ్గర అన్నిటికంటే వెడల్పు, చివరలకి వచ్చేసరికి సన్నం. ఎంత సన్నం చేయాలన్నది మీ కొలతలను బట్టి. నడుము దగ్గర కూడా 5 అంగుళాలు తక్కువైతే అటువైపు సన్నం చేయకండి, అదే వెడల్పు ఉంచండి. చేతి అంచు మీకు సరిపోతూ ఉంటే అక్కడ కుట్టులో కలిసిపోయేలా సూదిగా తేల్చేయండి. అలా చేస్తే చేతి జరీ బోర్డరు కూడా తెగినట్టు కనబడదు.

ముక్క మీద చంక వచ్చేచోట చాక్‌పీసుతో గీత పెట్టుకోండి. ఆ గీతను జాకెట్టు ముందు భాగంలో చంక కుట్లు కలిసే బిందువు మీద పెట్టి ఒక సూది గుచ్చండి. అక్కడి నుంచి కిందికి నడుము దాకా, తర్వాత పైకి చేతి అంచు దాకా సూదులు పెట్టండి. నడుము నుంచి మొదలుపెట్టి పైకి వస్తే చంక దగ్గరికి వచ్చేసరికి పావు అంగుళం జరిగిపోతుంది. ఆ పావు అంగుళమే ముడతగా మిగులుతుంది. ముందు భాగం అయ్యాక ఇలాగే వెనక భాగం. గుండుసూదులు కుట్టులోకి పోయే అంచులోనే పెట్టండి, బయటికి కనబడే పట్టులో గుచ్చకండి.

సూదులు పెట్టినదంతా చేత్తో అర అంగుళం కచ్చా కుట్టు వేయండి. సూదులు తీసేయండి. మిషను ఇంకా వద్దు.

ఒక పక్కకే ముక్క వేస్తే పని తగ్గుతుందా అని అడుగుతుంటారు. తగ్గుతుంది, కానీ హుక్కుల వరస ఛాతీ మధ్య నుంచి పక్కకి జరిగిపోతుంది. రెండు పక్కలా వేయాల్సిందే.

7. వేసుకుని చూడడం

నా దృష్టిలో అసలు పని ఇదే. హుక్కులు పెట్టుకుని ఇరవై నిమిషాలు ఇంట్లో తిరగండి. అద్దం ముందు నిలబడితే ఏ జాకెట్టైనా బాగానే ఉంటుంది.

జడలో పూలు పెట్టుకుంటున్నట్టు రెండు చేతులూ వెనక్కి ఎత్తండి. జాకెట్టు కింది అంచు అంగుళం కంటే ఎక్కువ పైకి లేస్తే చంక దగ్గర ఇంకా వెడల్పు కావాలి. అక్షింతలు వేస్తున్నట్టు రెండు చేతులూ ముందుకి చాపండి. వీపు బిగుసుకుంటే వెనకవైపు కుట్టులో ఇంకో పావు అంగుళం వదలండి. పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. హుక్కుల మధ్య నోరు తెరుచుకుంటే ఛాతీ ఇంకా చాలలేదు.

ముడతలు ఎటు లాగుతున్నాయో చూడండి. చంక నుంచి ఛాతీ మీదికి అడ్డంగా గీతలు పడితే బిగుతు. చంక కింద గుడ్డ నిలువుగా వదులుగా మడత పడితే ముక్క వెడల్పు ఎక్కువైంది. వీపు ఎవరినైనా ఫోన్లో ఫోటో తీయమనండి, మెడ తిప్పి అద్దంలో చూస్తే జాకెట్టు కూడా తిరుగుతుంది.

సరిగా లేకపోతే కచ్చా కుట్టు విప్పి మళ్ళీ వేయండి. నేను అమ్మ జాకెట్టుకి మూడుసార్లు వేశాను.

8. మల్ పట్టీ, మిషన్ కుట్టు

పట్టు నలిగి ఉంటే, లైనింగు లేకపోతే, ఈ పని తప్పకుండా చేయండి. సైడు కుట్టు నుంచి డాటు దాకా పట్టేంత వెడల్పుతో, చంక నుంచి నడుము దాకా మల్ పట్టీలు నాలుగు కోయండి. అవి పైపట్టు కంటే ఒక పావు అంగుళం తక్కువ వెడల్పు ఉండాలి. ఒక అంచు సైడు కుట్టులో కలుస్తుంది. రెండో అంచును డాటు లోపలి మడతకి చేత్తో కుట్టండి, కుట్లు బయటికి కనబడవు. పట్టీ కాస్త బిగువుగా ఉంటుంది కాబట్టి లాగుడంతా మల్ మీద పడుతుంది, పట్టు మీద పడదు.

ఇప్పుడు మిషను. అంగుళానికి 10 కుట్లు వచ్చేలా, అంటే ఒక్కో కుట్టు 2.5 మిల్లీమీటర్లు పెట్టుకోండి. గట్టిగా ఉంటుందని మరీ దగ్గర కుట్లు వేస్తే పాత పట్టు పోస్టు స్టాంపు అంచులా ఆ గీత వెంటే చిరుగుతుంది. ముందు ఒక పీలిక మీద కుట్టి చూడండి. చంక దగ్గరికి రాగానే మిషను ఆపి, సూది గుడ్డలోనే దించి ఉంచి, లోపలి గుడ్డ మడత పడిందేమో చేత్తో తడిమి చూసుకుని ముందుకి వెళ్ళండి.

లోపల మిగిలిన గుడ్డను కోయకండి. అంచులు చేత్తో చుట్టు కుట్టు వేస్తే చాలు. ఒకసారి మా పిన్ని జాకెట్టు ఓవర్‌లాక్ (అంచుల దారాలు ఊడకుండా వేసే మిషను కుట్టు) చేయించడానికి ఒకచోట ఇచ్చాను. శుభ్రంగా ఉంటుందని లోపలి గుడ్డంతా కత్తిరించి ఇచ్చారు. ఆ జాకెట్టు ఇక ఎవరికీ వదులు చేయలేం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బయట ఇచ్చేటప్పుడు "లోపలి గుడ్డ కోయొద్దు" అని నోటితో చెప్పండి, ఒక చీటీ మీద రాసి గుచ్చండి కూడా.

ఇస్త్రీ తిరగేసి, పైన పలచటి నూలు గుడ్డ పరిచి, సిల్కు మార్కు దగ్గర పెట్టి చేయండి. నీళ్ళు చిలకరించకండి, పట్టు మీద మరకలుగా మిగులుతాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

ఛాతీ వదులు కావాలని ముందు డాట్లు విప్పడం. డాటు విప్పితే గుడ్డ చదునవుతుంది, ఛాతీకి కావలసిన గుంట పోతుంది, జాకెట్టు ఇంకా బిగుసుకుంటుంది. నడుము దగ్గర మాత్రమే చాలకపోతే వెనక డాట్లు కొంచెం విప్పవచ్చు.

చంక బిగుతుగా ఉందని చంక గుంటను కిందికి కోయడం. చెయ్యి దించినప్పుడు హాయిగానే ఉంటుంది, ఎత్తితే జాకెట్టంతా పైకి లేస్తుంది. పైగా కోసింది తిరిగి రాదు.

హుక్కుల పట్టీకి వెడల్పు పట్టీ అతికి ముందువైపే పెంచడం. మెడ వెడల్పై భుజాలు జారతాయి. పావు అంగుళం దాకా అయితే సరే.

పొడవు చాలకపోతే కింది మడత విప్పి చూడండి. అదీ చాలకపోతే అంచుకి అంగుళంన్నర పట్టీ వేయండి. ముందువైపు పమిట కింద ఉంటుంది, వీపువైపు కనబడుతుంది కాబట్టి చేతుల బోర్డరు రంగులో వేస్తే బాగుంటుంది.

ఇక పట్టదు అనుకుంటే

గుడ్డ నలిగిపోయినా, 6 అంగుళాల కంటే ఎక్కువ చాలకపోయినా జాకెట్టును బలవంతం చేయకండి. మీ కొలతలకి కొత్త జాకెట్టు కుట్టించుకుని, పాత జాకెట్టు చేతుల జరీ బోర్డరు మాత్రం విప్పి దాని చేతులకి వేయించుకోండి. బోర్డరును మల్ గుడ్డ మీద పెట్టి చేత్తో కుట్టాక అప్పుడు కొత్త చేతికి అతకాలి. వీపు భాగం బాగుంటే దాన్నే ఉంచుకుని, ముందు భాగాలు కొత్తవి వేసిన జాకెట్టు కూడా ఒకటి చేశాను, చక్కగా కుదిరింది.

అమ్మ జాకెట్టును చెక్కుచెదరకుండా దాచుకోవాలని ఉంటే అదీ సరైన నిర్ణయమే. మెత్తటి పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టండి, కలరా ఉండలు జరీకి తగలకుండా చూడండి, మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చండి.

కుట్టుకున్నవాళ్ళు ఫంక్షన్ నుంచి వచ్చాక జాకెట్టును వెంటనే బీరువాలో పెట్టకండి. తిరగేసి, నీడలో, గాలి తగిలేచోట రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నే చంక దగ్గర ముక్క కుట్లు ఒకసారి వెలుతురుకి పట్టి చూడండి. కుట్టు పక్కన దారాలు జరిగినట్టు కనబడితే అప్పుడే లోపల ఇంకో మల్ పట్టీ వేసేయండి.